ఆ అంకె ఎక్కడిది?

చాలా ఏళ్ల కిందటి మాట. పీజీ చివరి సంవత్సరం. వైవా గదిలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. నా ప్రాజెక్టు రిపోర్టు తిరగేస్తున్న ఎగ్జామినరు ఒక పేజీ దగ్గర ఆగి, 'ఈ అంకె ఎక్కడిది?' అన్నారు.

'పుస్తకంలో ఉంది సార్' అన్నాను ధీమాగా.

'ఏ పుస్తకం? ఎప్పుడు అచ్చయింది? ఎన్నో పేజీ?'

నాకు ఆ పుస్తకం అట్ట రంగు ఒక్కటే గుర్తుంది. నీలం రంగు. అదే చెప్పాను. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మార్కులు వేశారనుకోండి. కానీ ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

ఇప్పుడు అదే ప్రశ్న వేస్తే వినబడే జవాబు మారింది. 'గూగుల్‌లో ఉంది మేడమ్' అంటారు పిల్లలు. ఈ మధ్య కొత్తగా, 'ఏఐని అడిగాను సార్' అంటున్నారు. పాపం, వాళ్లకు చెప్పడానికి అట్ట రంగు కూడా లేదు!

తప్పు పిల్లలదా? ఎల్లారెడ్డి పక్కన ఓ పల్లె నుంచి వచ్చి పీజీ చదివే అమ్మాయిని ఊహించుకోండి. ఆ ఇంట్లో అంతదాకా చదివినది తనే మొదలు. పదో తరగతికి గైడు, ఇంటర్‌కు మెటీరియల్, డిగ్రీకి పరీక్ష ముందు పది ఇంపార్టెంట్ ప్రశ్నలు... వీటితోనే గట్టెక్కింది. మంచి మార్కులే వచ్చాయి. సీటూ వచ్చింది. 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయానికి డిచ్‌పల్లిలో ప్రధాన ప్రాంగణం, భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం ఉన్నాయి కాబట్టి కామారెడ్డి, ఎల్లారెడ్డి పిల్లలకు పీజీ చదువు హైదరాబాద్ దాకా వెళ్లకుండానే అందుతోంది. అంతవరకూ బాగానే ఉంది. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు అన్నారు. అంటే అప్పటివరకూ ఎవరో ఇచ్చిన జవాబులు రాసిన అమ్మాయి, మొదటిసారి తనే ప్రశ్న వేసుకుని తనే జవాబు వెతకాలి. ఆ వెతకడం ఎలాగో పదిహేడేళ్ల చదువులో ఒక్క పీరియడ్ కూడా ఎవరూ చెప్పలేదు.

అప్పుడేం చేస్తుంది? సీనియర్ల పాత రిపోర్టు తెచ్చి పేర్లు మారుస్తుంది. లేదంటే డబ్బిస్తే బైండింగుతో సహా చేతికిచ్చేవాళ్లను ఆశ్రయిస్తుంది. ఆ డబ్బు ఇంట్లోవాళ్లు ఎక్కడో అప్పు తెచ్చింది కావచ్చు. డిగ్రీ చేతికొస్తుంది, చదువు మాత్రం రాదు. అసలు చిక్కు ఆ తర్వాత, పీహెచ్‌డీలో చేరినప్పుడు మొదలవుతుంది. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

సమాచారాన్ని వెతకడం, తూచడం, వాడుకోవడం అనే ఈ విద్యకు సమాచార అక్షరాస్యత అని పేరు. 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన ఈ మాటను మొదట వాడాడు. 2005లో అలెగ్జాండ్రియాలో సమావేశమైన నిపుణులు దీన్ని ప్రాథమిక మానవ హక్కుగా ప్రకటించారు. పేరు పెద్దదే కానీ పని మన ఇళ్లల్లో తెలియనిదేమీ కాదు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు మధ్యవర్తి మాట ఒక్కటే నమ్ముతామా? ఆ ఊళ్లో ఇంకో ఇద్దరిని అడుగుతాం. వాళ్లకూ వీళ్లకూ ఏమైనా గొడవలున్నాయేమో కూడా కనుక్కుంటాం. పుస్తకాలనూ అలాగే అడగాలి.

యాభై పేజీల్లో నిజాంసాగర్

మన అమ్మాయి నిజాంసాగర్ మీద ప్రాజెక్టు తీసుకుందనుకుందాం. సొంత ప్రాంతం, చిన్నప్పటి నుంచి చూస్తున్న నీళ్లు. లైబ్రరీకి వెళ్లింది. అక్కడ నడిచే మాటలు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

'సార్, నిజాంసాగర్ మీద బుక్కులున్నాయా?'

'నిజాంసాగర్ గురించి ఏం కావాలె బిడ్డా? కట్టిన చరిత్రనా? నీళ్లా? పంటలా? చేపలా?'

'అన్నీ సార్.'

'ఎన్ని పేజీలు రాయాలె?'

'యాభై.'

'యాభై పేజీల్ల అన్నీ ఎట్ల పడ్తయమ్మా?'

మంచి లైబ్రేరియన్ పుస్తకం తీసి ఇవ్వడానికి ముందు ఇలా నాలుగు ఎదురు ప్రశ్నలు వేస్తాడు. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్.రంగనాథన్ ఈ పనికి ఎంతో విలువ ఇచ్చారు. పాఠకుడి సమయం వృథా కాకూడదన్నది 1931లో ఆయన ప్రకటించిన అయిదు సూత్రాల్లో ఒకటి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 12ను ఏటా గ్రంథపాలకుల దినంగా జరుపుకుంటాం, దండలు వేస్తాం. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్న కళాశాలలో మాత్రం ఆ ఎదురు ప్రశ్నలు వేసేవారెవరు? తాళంచెవి ఎవరో ఒక లెక్చరర్ దగ్గర ఉంటుంది. ఆయనకు క్లాసులుంటాయి.

కాబట్టి ఆ ప్రశ్నలు తనకు తానే వేసుకోవడం అమ్మాయి నేర్చుకోవాలి. నిజాంసాగర్ అంటే సముద్రం. నిజాంసాగర్ కింద చెరకు అంటే చెరువు. బోధన్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక, ఆ కాలువ కింద చెరకు వేసే రైతులు ఏ పంటకు మళ్లారు? ఇదీ బావి! దీన్ని తోడవచ్చు. యాభై పేజీలకు సరిపడా నీళ్లుంటాయి.

మూడు బీరువాల్లో ఒక ప్రాజెక్టు

ఇక పుస్తకాలు. కళాశాల లైబ్రరీల్లో ఎక్కువగా వాడేది డ్యూయీ పద్ధతి. 1876లో అమెరికాలో పుట్టింది. పుస్తకం వీపు మీద అంటించిన చీటీలో అంకెలుంటాయే, అవన్నమాట. ఆ అంకెలు చాలామంది పిల్లలకు ఖైదీ నంబర్లలా కనబడతాయి. నిజానికి అది ఇంటి చిరునామా. తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. భారతదేశ చరిత్ర 954లో.

మరి నిజాంసాగర్ ఎక్కడుంటుంది? తమాషా ఏమిటంటే ఒకచోట ఉండదు. ఆనకట్ట ఎలా కట్టారన్నది 627లో, ఇంజినీర్ల పక్కన. పొలానికి నీళ్లు పారించే సంగతి 631.587లో, వ్యవసాయం మధ్య. నీళ్ల పంపకాల ఆర్థిక వ్యవహారం 333.91లో. ఇక కట్టించిన కాలం, కట్టించినవారి కథ కావాలంటే 954కు పోవాలి. ఒక్క బీరువా ముందు నిలబడి, ఏమీ లేవని వెనక్కి వచ్చేసే పిల్లలు ఎందరో. దొరికిన ఒక పుస్తకానికి అటు పక్క, ఇటు పక్క ఉన్న పుస్తకాలను కూడా తీసి చూడటం అలవాటైతే సగం పని అయినట్టే. కంప్యూటర్ కేటలాగు ఉన్నచోట ఈ పని ఇంకా సులువు. పేరుతో కాకుండా విషయంతో వెతకాలి, అంతే.

పేర్లతో పేచీ

వెతకడంలో అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది మన ఊళ్ల పేర్లే. ఎల్లారెడ్డినే తీసుకోండి. ఇంగ్లిషులో రాసేటప్పుడు కొందరు 'వై'తో మొదలెడతారు, కొందరు 'ఇ'తో. చివర కొందరు 'వై', కొందరు 'ఐ'. నిజాంసాగర్‌ను ఒక మాటగా రాసినవారున్నారు, రెండు మాటలుగా విడగొట్టినవారున్నారు. మన మంజీర మహారాష్ట్రలో మాంజ్రా. కంప్యూటర్‌కు ఇవన్నీ ఒకటేనని తెలియాలని రూలేమీ లేదు. ఒక్క అక్షరం తేడాతో మంచి వ్యాసం కంటికి కనబడకుండా పోతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా వింత. వందేళ్లకు పైబడిన ఇంపీరియల్ గెజిటీర్‌లో నిజామాబాద్ జిల్లా తాలూకాల పేర్లు చూస్తే కామారెడ్డిపేట, ఎల్లారెడ్డిపేట అని ఉంటాయి. సరే కదా అని ఇప్పుడు ఎల్లారెడ్డిపేట అని వెతికితే రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండలం వచ్చి కూర్చుంటుంది. ఇది చాలదన్నట్టు కామారెడ్డి జిల్లాలోనే, సదాశివనగర్ మండలంలో అడ్లూర్ ఎల్లారెడ్డి అని వేరే ఊరుంది. ఒక ఎల్లారెడ్డి లెక్కలు ఇంకో ఎల్లారెడ్డి ఖాతాలో పడితే అడిగేవాడెవడు?

కాలం కూడా చూసుకోవాలి. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పుట్టింది. అంతకుముందు సమాచారమంతా నిజామాబాద్ పేరు మీద ఉంటుంది. 1956 నవంబరు 1కి ముందైతే హైదరాబాద్ రాష్ట్రం రికార్డుల్లో వెతకాలి. వాటిలో చాలాభాగం ఉర్దూలో. అంతకంటే వెనక్కి పోతే నిజామాబాద్ కాస్తా ఇందూరు అవుతుంది.

ఈ జిల్లాల విభజన మన అమ్మాయి చెరకు లెక్కను ఎలా బోల్తా కొట్టిస్తుందో చూడండి. అర్థగణాంక శాఖ నివేదికల్లోంచి 2015 నాటి నిజామాబాద్ జిల్లా సాగు విస్తీర్ణం రాసుకుంది. పక్కనే 2017 నాటి నిజామాబాద్ జిల్లా విస్తీర్ణం రాసుకుంది. రెండింటి మధ్య పెద్ద తరుగుదల. 'ఫ్యాక్టరీ మూతతో సాగు కుప్పకూలింది' అని రాసేసింది. తీరా చూస్తే ఆ మధ్యలో బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి ప్రాంతాలు కొత్త జిల్లాకు పోయాయి. అక్కడ తగ్గింది పంటా, జిల్లానా? రెండూ కావచ్చు. ఎంత ఏది అన్నది మండలాలవారీ లెక్క తీస్తేగానీ తేలదు. అంకె అబద్ధమాడలేదు. ఆ అంకెను ఏమడగాలో మనకు తెలియలేదు, అంతే.

నిజాంసాగర్ నిల్వ సామర్థ్యం సంగతీ ఇలాంటిదే. ఒకచోట 29.72 టీఎంసీలు అని ఉంటుంది. ఇంకోచోట 17.80 అని ఉంటుంది. ఏది తప్పు? రెండూ ఒప్పే! మొదటిది 1923లో మొదలై 1931లో పూర్తయినప్పటి జలాశయం లెక్క. రెండోది పూడిక చేరి, మార్పులు జరిగిన తర్వాతి లెక్క. పక్కన సంవత్సరం రాయకుండా అంకె రాస్తే దానికి అర్థం లేదు. వైవాలో నన్ను అడిగింది సరిగ్గా ఇదే, అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

గూగుల్‌కు కనబడని తెలుగు

ఇంకో సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు. తెలుగులో ఉన్నదంతా నెట్‌లో వెతికితే దొరకదు. ఏళ్ల తరబడి మన డీటీపీ కేంద్రాల్లో తెలుగు కంపోజింగ్ అంతా అను వంటి పాత ఫాంట్లలో సాగింది. ఆ పద్ధతిలో చేసిన ఫైలు మన కంటికి తెలుగులా కనబడుతుంది, సెర్చ్ యంత్రానికి మాత్రం పిచ్చిరాతే. స్కాన్ చేసిన పాత పుస్తకాలు ఉత్త బొమ్మలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటి పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. 'చరిత్ర'ను నాలుగు రకాలుగా కొట్టి చూస్తేగానీ పుస్తకం బయటికి రాదు. అందుకే నెట్‌లో దొరకలేదు కాబట్టి ఎవరూ రాయలేదని తీర్మానించడం చాలా ప్రమాదం.

'లేదు' అన్న మాట ఎంత ప్రమాదమో తెలంగాణకు ఒకసారి అనుభవమే. ఈ గడ్డ మీద కవులు లేరని ఎవరో అన్నారు. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి దానికి తిట్లతో జవాబివ్వలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. గూగుల్ లేదు, జిరాక్స్ లేదు, ఉన్నది పోస్టు కార్డుల కాలం. పీజీ పిల్లలకు పరిశోధన అంటే ఏమిటో చెప్పాలంటే నాకు ఇంతకంటే మంచి పాఠం కనబడదు.

కట్టలు తెగిన జ్ఞానం, మూసిన తలుపు

డబ్బు లేక పుస్తకాలు లేవన్న మాట ఒకప్పుడు నిజం. ఇప్పుడు కొంతే నిజం. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. దేశంలోని పరిశోధన గ్రంథాలు 5 లక్షలకు పైగా శోధ్‌గంగలో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఖరీదైన విదేశీ జర్నళ్ల కోసం కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం పెట్టింది. 2024 నవంబరు 25న మంత్రివర్గం ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల జర్నళ్లు, 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. మహానగరంలో ఐఐటీ విద్యార్థి చదివే వ్యాసాన్నే చిన్న పట్టణంలో సర్కారీ కళాశాల విద్యార్థి కూడా చదవగలగాలన్నది దీని ఉద్దేశం. ఉద్దేశం గొప్పది. కానీ ఇంటికి కరెంటు వచ్చి, స్విచ్ ఎక్కడుందో ఎవరూ చూపించకపోతే? లాగిన్ ఎలా తీసుకోవాలో, ఏ మాటతో వెతకాలో, ఇరవై పేజీల ఇంగ్లిషు వ్యాసాన్ని తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల ఎక్కడ మొదలుపెట్టి చదవాలో చెప్పేవారు కావాలి.

చివరిదానికి ఒక చిట్కా ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదవనక్కర్లేదు. ముందు పైన ఉన్న సారాంశం, తర్వాత ముగింపు. పనికొచ్చేదనిపిస్తే అప్పుడు మధ్యలోకి వెళ్లాలి. చివర ఉన్న పుస్తకాల పట్టీ అసలైన నిధి. అక్కడి నుంచి తీగ లాగితే డొంక కదులుతుంది. ఆ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో గూగుల్ స్కాలర్‌లో చూస్తే తీగ ముందుకూ సాగుతుంది.

వెతికినది రాసి పెట్టుకోవడం ఇంకో అలవాటు. ఒక నోటుబుక్కు చాలు. రచయిత, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ. కంప్యూటర్ వాడేవారికి జోటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అట్ట రంగు మాత్రం రాసుకోకండి, దానికి మార్కులు రావు.

చెప్పని పాఠానికి శిక్ష

ఇందాక వాయిదా వేసిన చిక్కు ఇదీ. పరిశోధన గ్రంథాల్లో చౌర్యంపై యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపైతే ఫర్వాలేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోగా మార్చి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది పాటు సమర్పించడానికే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పీజీలో సీనియర్ రిపోర్టు ఎత్తి రాసినప్పుడు భుజం తట్టిన వ్యవస్థ, పీహెచ్‌డీలో అదే పనికి గొంతు పట్టుకుంటుంది. నిబంధన న్యాయమైనదే. కానీ ఎదుటివారి మాటను కొటేషన్లో పెట్టి పేరు చెప్పాలని, ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చి రాసినా మూలం చెప్పాలని ముందే నేర్పి ఉంటే కదా శిక్షించే హక్కు! పరిశోధన నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును యూజీసీ 2019లో నిర్ణయించి పీహెచ్‌డీ వారికి తప్పనిసరి చేసింది. 30 గంటల పాఠం. బావిలో పడ్డాక ఈత నేర్పడం లాంటిదిది. ఆ 30 గంటల్లో పది గంటలు పీజీ మొదటి సెమిస్టర్‌కు, కుదిరితే డిగ్రీకి తెస్తే ఎంత బాగుండు.

ఏఐ వచ్చాక ఈ తొందర ఇంకా పెరిగింది. అడిగిన వెంటనే పది పుస్తకాల పేర్లు, రచయితలు, పేజీలు చకచకా ఇచ్చేస్తుంది. అందులో కొన్ని అసలు పుట్టనే లేదు! 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను నమ్మి కోర్టుకు సమర్పించారు. అలాంటి కేసులే లేవని తేలింది. 5 వేల డాలర్ల జరిమానా పడింది. కోర్టుల్లో ఆరితేరిన లాయర్లే అలా బోల్తాపడితే ఇరవై రెండేళ్ల పిల్లల మాటేమిటి? వాడొద్దని చెప్పలేం. అది ఇచ్చిన ప్రతి పేరునూ కేటలాగులోనో, స్కాలర్‌లోనో కొట్టి, ఉందో లేదో చూడమని మాత్రం చెప్పగలం. ఒక్కోదానికి అర నిమిషం పడుతుంది.

కామారెడ్డిలోగానీ ఎల్లారెడ్డిలోగానీ ఈ పాఠం చెప్పడానికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. కళాశాల లైబ్రరీలో పది మంది పిల్లలు, ఒక కంప్యూటర్, ఓపికున్న ఒక మనిషి, వారానికి ఒక గంట. పాఠ్యాంశం బయట నుంచి తేనక్కర్లేదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను వానలు ముంచెత్తాయి కదా, ఆ వాన ఎంత కురిసిందో మూడు వేర్వేరు చోట్ల వెతికి తెమ్మంటే చాలు. మూడు అంకెలు ఎందుకు తేడాగా ఉన్నాయో పిల్లలే వాదించుకుంటారు. తల్లిదండ్రులు కూడా ఒక పని చేయవచ్చు. ప్రాజెక్టుకు డబ్బులు కావాలని అబ్బాయి అడిగినప్పుడు, 'టాపిక్ ఏంది బిడ్డా? ఎక్కడ వెతికినవ్?' అని ఒక్క మాట అడగడం. అడగడానికి పీజీ చదివి ఉండనక్కర్లేదు.

మన అమ్మాయి చెరకు ప్రశ్న ఏమైందంటారా? మండలాలవారీ పంటల లెక్కలు తీసింది. ఫ్యాక్టరీ చరిత్ర పుస్తకాల్లో దొరికింది. శోధ్‌గంగలో నిజాంసాగర్ ఆయకట్టు మీద పాత పరిశోధనలు వెతికింది. అయినా ఒక్కటి మిగిలిపోయింది. చెరకు మానేసిన రైతు వరికే ఎందుకు మళ్లాడు, మక్కకు ఎందుకు మళ్లలేదు? కాలువ చివరి పొలానికి ఆ ఏడాది నీళ్లు వచ్చాయా? ఆ పేజీ ఏ బీరువాలోనూ లేదు. నోటుబుక్కు సంచిలో వేసుకుని, ఎల్లారెడ్డి బస్టాండులో బాన్సువాడ బస్సు కోసం నిలబడింది.